లోపల చోటు లేదు

ఇండోనేషియాలోని జోగ్జా ఊళ్ళో ఒక కంప్యూటర్ల రిపేరు కొట్టు. పోయిన భర్త లినక్స్ కంప్యూటరును బల్ల మీద పెట్టి, ఆమె రిపేరు కుర్రాడి ఎదురుగా కూర్చుంది.

"పాస్‌వర్డు సరైనదే నాయనా. తప్పయితే తప్పని చెబుతుందిగా! తెర నల్లబడి మళ్ళీ పాస్‌వర్డే అడుగుతోంది. రేపు ఆయన పోయిన నూరోనాటి ప్రార్థన. పిల్లలకు ఆయన గొంతు వినిపించాలి."

"బొమ్మల తెర రాకపోయినా, వట్టి అక్షరాల తెర మీంచి లోపలికి వెళ్ళానమ్మా. డిస్కు నిండిపోయింది. మనల్ని లోపలికి రానివ్వాలంటే అది ఒక చిన్న ఫైలు రాసుకోవాలి. దానికీ చోటు లేక గుమ్మంలోంచే పంపేస్తోంది."

"అంతగా ఏం నింపారు?"

"రోజూ తెల్లవారుజామున దానంతటదే రికార్డు చేసేలా పెట్టారు."

"గువ్వ కూత కోసం. నాకంటే ఆ గువ్వకే ఎక్కువ కబుర్లు చెప్పేవారు! కానీ ఆయన పోయిన రోజే పంజరం తెరిచి దాన్ని వదిలేశానే."

"రికార్డింగు ఆగలేదమ్మా. ఆ తర్వాతవాటిలో ఉన్నది మీ గొంతేననుకుంటా."

ఆమె తలగుడ్డ సర్దుకుంది.

"ఆయన కుర్చీతో మాట్లాడుకునేదాన్ని. విన్నావా?"

"ఒక్కటే విన్నాను. కొన్ని తీసేస్తేగానీ ఇది తెరుచుకోదు. ఆయనవా, మీవా?"

"నావే తీసెయ్. దేవుడు విన్నాడు, చాలు."

"అలాగే. కానీ నేను విన్నదాంట్లో, 'పంజరం ఎవరికైనా ఇచ్చేయనా?' అని అడిగారు. కాసేపు ఆగి, 'సరే, మీరన్నట్టే ఉంచుతాను' అన్నారు. మధ్యలో ఏమీ లేదమ్మా."

"నీకు వినబడలేదా?"

"లేదు."

"అదొక్కటీ ఉంచు నాయనా. పిల్లలకు వినబడుతుందేమో చూద్దాం."