ఎడమవైపు గడ్డి

ఆదివారం పొద్దున్నే అలబామాలోని ఆ చిన్న కాలేజీలో, బంతిని చేతుల్తో పట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో, గడ్డి సంగతి చూసుకునే ముసలాయన మోకాళ్ల మీద కూర్చుని పచ్చిక అతుకుతున్నాడు. కోచ్ వచ్చేసరికే ముసలాయనకి ఒళ్లు మండుతోంది. నిన్నటిది వరసగా నాలుగో ఓటమి.

"వీడియో ఎన్నిసార్లు చూసినా ఎక్కడ దారిస్తున్నామో అంతుపట్టడం లేదు, పెద్దాయనా."

"వీడియో ఎందుకండీ? ఈ గడ్డి చూడండి! అవతలివాళ్లు బంతి విసరడమే మానేశారు. చంకన పెట్టుకుని, మనవాళ్ల ఎడమపక్క నుంచి దర్జాగా దూసుకుపోతున్నారు. నాలుగు మ్యాచ్‌లుగా అక్కడే అతుకులేస్తున్నా. కుడిపక్క ఒక్క పరకైనా నలిగిందా?"

"పిల్లలు అలిసిపోతున్నారయ్యా."

"కుడిపక్క పిల్లలు అలిసిపోరా?"

"నువ్వు గడ్డి చూసుకో. ఆట నేను చూసుకుంటా."

"చూసుకుంటే నాకీ తిప్పలెందుకు? మీ కింద ముగ్గురు కోచ్‌లున్నారుగా, వాళ్లేమన్నారు?"

"ఏమీ అనలేదు."

"ఎలా అంటారండీ? ఎడమపక్క ఆడేది మీ అబ్బాయి!"

కోచ్ తలెత్తి ఖాళీ గ్యాలరీల వైపు చూశాడు.

"మరి నువ్వెందుకు అంటున్నావు?"

"అరిగేవి నా మోకాళ్లు కాబట్టి!"