ఊరి రేటు కూలి, పట్నం రేటు అద్దె

ఏంటీ, ఇక్కడ ఇంట్లో కూర్చుని చేస్తే జీతం తగ్గిస్తామన్నారా? పని మాత్రం అదేనా? పట్నం పోయి చేస్తే ఒక జీతం, ఈ ఊళ్ళో కూర్చుని చేస్తే ఇంకో జీతమా! ఓరి వీళ్ళ తెలివి తెల్లారా, ఆ పాట ఇంకా మానలేదన్నమాట. కంప్యూటర్లు వచ్చాక అన్నీ మారిపోయాయేమో అనుకున్నాను నేను. కూర్చో తల్లీ. ఆ కుర్చీలో కాదు, దానికో కాలు ఊగుతుంది, ఈ బల్ల మీద కూర్చో. నీకు మా పెద్దొదిన గురించి చెప్పాలి. నువ్వు చూడలేదులే, నువ్వు పుట్టకముందే పోయింది. మా పెద్దన్నయ్య భార్య. ఫ్యాక్టరీలో చిన్నా పెద్దా అందరూ ఆవిణ్ణి చుట్టలొదిన అనేవాళ్ళు. నవ్వకు. చుట్ట తాగేది కాదు. ఫ్యాను మోటారులో రాగితీగ చుట్టలుంటాయే, అవి చుట్టే పని. కొత్తగా చేరిన వాచ్‌మన్ ఒకడు ఆ పేరు విని, పాపం మర్యాద చేద్దామని అగ్గిపెట్టె తీసి చేతికిచ్చాడు. ఆవిడ కాదనలేదు. "భలేవాడివి బాబూ, ఇంట్లో నిన్ననే అయిపోయింది" అని సంచీలో వేసుకుని చక్కా వచ్చేసింది. అదీ మనిషి.

ఏం చెబుతున్నాను? ఆఁ, ఫ్యాక్టరీ. అసలు ఫ్యాక్టరీ పట్నంలో ఉండేది, పాతది, పెద్దది. మన ఊళ్ళో దానికి ఒక పిల్ల ఫ్యాక్టరీ పెట్టారు, పాత గోడౌన్లో. ఎందుకు పెట్టారు, మన మీద ప్రేమతోనా? ఇక్కడ మనుషులు చవక. అప్పట్లో ఊళ్ళో పనెక్కడుంది? అన్నయ్య తాపీమేస్త్రీ, చెయ్యి తిరిగినవాడే, కానీ కట్టించేవాడుంటేగా కట్టడానికి! ఏడాదికి నాలుగు నెలలు పని, మిగతా ఎనిమిది నెలలు మా ఇంటి గోడకే సున్నం వేస్తుండేవాడు, ఊరికే కూర్చోలేక. రెండు గదుల అద్దిల్లు, ఏడుగురం మనుషులం. వేసిన సున్నానికి సున్నం వేసి వేసి గది ఇరుకైపోతోందని వదిన వేళాకోళం చేసేది. నేనూ అదే గోడౌన్లో పెట్టెలు కట్టే పనిలో ఉండేవాణ్ణి. ప్రతి పెట్టె మీదా పట్నం పేరున్న ముద్ర నేనే కొట్టేవాణ్ణి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే అదే. ఫ్యాను ఇక్కడ తయారు, పేరు పట్నానిది. సరే పేరు పోనీ, మన కూలి పట్నం కూలిలో సగానికి కాస్త పైన. మరి అదే ఫ్యాను బజార్లో కొనబోతే? పట్నం ధరే! అప్పుడు మాత్రం ఊరి రేటుండదు. వదిన ఈ ముక్క మా మేనేజర్ని మొహాన్నే అడిగింది ఒకసారి.

మేనేజరు మంచివాడే, చెడ్డవాడు కాదు. బక్కగా, పొడుగ్గా, జేబులో రెండు కలాలు. నోరు తెరిస్తే "లెక్క ప్రకారం". లెక్క ప్రకారం మీరు రేపు రావాలి, లెక్క ప్రకారం ఇది వాన కాదు చినుకు. పెళ్ళాంతో కూడా అలాగే మాట్లాడతాడని ఎవరో అన్నారు, నిజమో అబద్ధమో. మేం ఆయన్ని లెక్కప్రకారం గారు అనే పిలుచుకునేవాళ్ళం, వెనకాల. ఆయనేమన్నాడూ: "చూడమ్మా, మీ ఊళ్ళో అద్దెలు తక్కువ, కూరలు చవక, లెక్క ప్రకారం మీ ఖర్చే తక్కువ." వదిన ఊరుకుంటుందా! "మీరిచ్చేది తక్కువ కాబట్టి మా ఖర్చు తక్కువ సార్. పిండి కొద్దీ రొట్టె. పిండి పెంచి చూడండి, రొట్టె ఎంతవుతుందో" అంది. ఆయన నవ్వాడు, అంతే. కలం తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత ఒక ఎండాకాలం ముందు పట్నం ఫ్యాక్టరీలో తీగ చుట్టేవాళ్ళు చాలామంది మానేసి, పక్క వీధిలో ఇంకెవరో ఎక్కువిస్తామంటే అక్కడికి పోయారు. కంపెనీవాళ్ళ చేతిలోనేమో పెద్ద ఆర్డరు. ఏం చెయ్యాలి? మన ఊరి నించి పన్నెండుమంది ఆడవాళ్ళని నాలుగు నెలలకని పంపించారు. వదిన ముందుగా పేరిచ్చింది. బస మేమే చూస్తామన్నారు కంపెనీవాళ్ళు, అన్న మాట నిలబెట్టుకున్నారు కూడా. ఎలాంటి బసనుకున్నావు? బట్టలుతికే దుకాణం మీద ఒకే ఒక్క గది. పన్నెండుమందికి ఆరు పరుపులు. మిగతా ఆరూ ఏవీ అని అడిగితే, "మీరు ఆరుగురు పగలు పనికెళతారు, ఆరుగురు రాత్రి పనికెళతారు, లెక్క ప్రకారం ఆరు చాలు" అన్నారట! అంటే ఒకళ్ళు లేచిన పరుపు చల్లారకముందే ఇంకొకళ్ళు పడుకోవాలి. నిద్ర సుఖమెరగదంటారు చూడూ, అది అబద్ధమే తల్లీ, బాగా ఎరుగుతుంది. కింద నించి రోజంతా సబ్బు ఆవిరి. వదిన జాబు రాసింది మాకు: "ఇక్కడ నేను స్నానం చెయ్యకుండానే శుభ్రంగా ఉంటున్నాను" అని. అందరం నవ్వుకున్నాం. అన్నయ్య మాత్రం ఆ జాబు రెండుసార్లు చదివి మడిచి పెట్టుకున్నాడు. నవ్వలేదు.

అసలు కథ జీతాల రోజున. చీటీ చూసుకుంటే వదినకి కళ్ళు తిరిగాయి. కూలి మన ఊరి రేటుకే వేశారు. సరే, అది చెప్పే పంపారు. కానీ గది అద్దె కోసేశారమ్మా, అదీ పట్నం రేటున! సగం పరుపుకి. ఊరి రేటు కూలి, పట్నం రేటు అద్దె. రెండువైపులా వాయించే డోలు మనమే.

పక్క బెంచీలో పట్నం ఆవిడ ఒకామె పని చేసేది, లావుపాటి కళ్ళజోడు పెట్టుకుని. అప్పటిదాకా మనవాళ్ళతో పలకరింపు లేదు, ఉలుకూ పలుకూ లేదు. పైగా ఆ రోజు ఎగిరిపడింది. "మీరు చవగ్గా వచ్చి కూర్చుని మా కడుపు కొడుతున్నారు. మాకు పెంచమంటే మిమ్మల్ని చూపిస్తున్నారు వాళ్ళు" అని. వదిన తన చీటీ ఆమె చేతిలో పెట్టింది. ఆమె కళ్ళజోడు పైకెత్తి చూసింది, దించి చూసింది. "ఇదేంటి, పదిహేను రోజులకా?" అంది. "కాదక్కా, నెలకే." ఆమె రోజుకి పన్నెండు మోటార్లు చుడితే మా వదిన పద్దెనిమిది చుట్టేది మరి! ఆ సాయంత్రం ఆమె గది చూస్తానని వెంట వచ్చిందట. మెట్లెక్కి, గుమ్మంలో నిలబడి, ఆ పరుపులు చూసి, పక్కనున్న ట్రంకు పెట్టె మీద కూలబడింది. "మా పిల్లి వెడల్పుగా పడుకుంటుంది ఇంతకంటే" అంది. అంతే, అందరూ పకపకా నవ్వారు. పడుకున్నవాళ్ళు లేచి మరీ నవ్వారు. అప్పట్నించీ వాళ్ళిద్దరూ ఒక జట్టు.

సరిగ్గా ఆ వారమే లెక్కప్రకారం గారు మీటింగు ఉందని పట్నం వచ్చాడు. నేను పెట్టెల లారీతో వెళ్ళి నాలుగు రోజులు అక్కడే ఉన్నాను, అందుకే ఇదంతా కళ్ళారా చూశాను, ఒకళ్ళు చెబితే విన్నది కాదు. వదిన ఆయన్ని నడవలోనే ఆపింది. "సార్, పట్నంలో ఉన్నాం, పట్నం అద్దె కడుతున్నాం, మరి కూలి కూడా పట్నానిదే ఇవ్వాలి కదా." ఆయన, "మీ పేర్లు ఊరి రిజిస్టర్లో ఉన్నాయమ్మా" అన్నాడు. "పేర్లు అక్కడున్నాయి, చేతులిక్కడున్నాయి. తీగ చుట్టేది పేర్లా, చేతులా?" ఆయన మింగలేక కక్కలేక, చివరికి ఒక మాట జారాడు. "అది కాదమ్మా, మీ ఊళ్ళో రోజూ పదకొండింటి నించి రెండింటి దాకా కరెంటుండదు. ఆ మూడు గంటలూ తీసేసే మీ జీతాలు కట్టారు. లెక్క ప్రకారం మీది ఐదు గంటల జీతం." నిజమే, అప్పట్లో మనకలాగే కరెంటు పోయేది, మిషన్లు ఆగితే అందరం చేతులు కట్టుకుని కూర్చునేవాళ్ళం. వదిన మొహం చూడాలి అప్పుడు. నాకా మొహం ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది, చిన్నపిల్లకి ఏదో దొరికినట్టు. "అలాగా సార్. ఆ మూడు గంటలకి మాకు జీతం లేదన్నమాట." "లేదు." "లెక్క ప్రకారం?" "లెక్క ప్రకారమే." "సరే సార్" అని వచ్చేసింది. ఆయనేమో గండం గడిచిందనుకున్నాడు.

మర్నాడు పదకొండయ్యేసరికి, నెత్తి మీద దీపాలన్నీ ధగధగా వెలుగుతున్నాయి, మిషన్లన్నీ ఝుమ్మంటున్నాయి, వదిన మిషను ఆపేసి చేతులు కట్టుకుంది. మనవాళ్ళు మిగతా ఐదుగురూ కట్టుకున్నారు. సూపర్వైజరు పరిగెత్తుకొచ్చాడు. "ఏమైందమ్మా, ఏమైంది?" "కరెంటు పోయింది బాబూ." "ఎక్కడ పోయింది, దీపం వెలుగుతుంటే!" "ఇక్కడ కాదు, మా ఊళ్ళో." వాడు దీపం వంక చూస్తాడు, వీళ్ళ వంక చూస్తాడు, మళ్ళీ దీపం వంక చూస్తాడు. హహ్హహ్హ! అబ్బ, ఉండు, నవ్వితే దగ్గొస్తోంది. ఆ నీళ్ళు ఇలా ఇయ్యి. ఆఁ. రెండింటిదాకా అలాగే కూర్చున్నారు. రెండు కొట్టగానే "వచ్చింది" అని వదిన మిషను వేసింది. రెండో రోజూ అంతే. మూడో రోజు పదకొండింటికి కళ్ళజోడావిడ కూడా మిషను ఆపింది. "నీకేం పోయిందే, నువ్వు ఈ ఊరిదానివేగా!" అని సూపర్వైజరు అరిస్తే, "మా చుట్టాలింట్లో పోయింది" అంది. ఇంక హాలంతా ఆగిపోయింది. అంతమంది ఆడవాళ్ళు నవ్వుతుంటే ఆ మిషన్ల చప్పుడు ఏపాటిది!

ఇదంతా తమాషాగా చెబుతున్నాను కానీ, ఆ మూడు రోజులూ వదినకి అన్నం సయించలేదు. పని పోతే ఇంటి దగ్గర ఏడుగురం. ఆ మాట తర్వాతెప్పుడో చెప్పింది నాకు. నాలుగో రోజు లెక్కప్రకారం గారు పిలిపించాడు. తలుపు వేయించి, కూర్చోమని కుర్చీ కూడా వేశాడట. "పైవాళ్ళతో మాట్లాడాను. ఇక్కడున్నన్నాళ్ళూ పట్నం కూలి ఇస్తారు, అద్దె కొయ్యరు, ఇంకో గది చూస్తారు" అని, గొంతు తగ్గించి, "నాకు కూడా ఊరి స్కేలేనమ్మా. ఇక్కడి మేనేజర్లకి నాకంటే రెండింతలు" అన్నాడట. వదిన, "అయ్యో నాయనా, నువ్వూ మాలోవాడివేనా! ముందే చెబితే నీకూ కరెంటు తీయించేవాళ్ళం కదా" అందిట. ఆయన నవ్వలేక నవ్వాడట. పాపం.

నాలుగు నెలలయ్యాక తిరిగొచ్చి ఇక్కడా అడిగింది, ఊరుకుంటుందా మరి. ఇక్కడ అంత తేలిక కాలేదు. "గట్టిగా అడిగితే ఇంకో ఊరు చూసుకుంటాం" అన్నారు పైవాళ్ళు. అయినా లాగి లాగి కొంత పెంచారు, పట్నంతో సమానం కాదు, ముప్పావు వంతు. ఆ డబ్బుతో మూడో గది ఉన్న ఇంట్లోకి మారాం. అన్నయ్యకి కొత్త గోడలు దొరికాయి, సున్నం వెయ్యడానికి! తొమ్మిదేళ్ళు నడిచింది గోడౌను. ఆ తర్వాత, అన్నట్టుగానే, ఇంకా చవగ్గా మనుషులు దొరికే చోటికి ఎత్తేశారు. మిషన్లు లారీలకెక్కించింది కూడా మేమే, కూలికి.

ఇప్పుడు నేనో మాట చెప్పాలి. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు ఇంటికొచ్చి నేను, కోపం పట్టలేక, వదినని అనేశాను. "అంతా నీ నోటి వల్లే వదినా. తక్కువైతేనేం, కూలి ఉండేది కదా. నువ్వు అడక్కుండా ఉంటే పోయేది" అన్నాను. ఊళ్ళో చాలామంది అనుకున్నదే, కానీ ఆవిడ మొహాన అన్నది నేనే. అన్నయ్య లేవబోతే వదిన చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆకలి మీదున్నావు, కాళ్ళు కడుక్కుని రా" అంది. అంతే.

నేను పట్నం పోయాను, పెట్టెల పనికే. ఆవిడేమో వీధిలో ఒక చిన్న కొట్టు తీసి, కాలిపోయిన మోటార్లకి తీగ చుట్టి ఇచ్చేది. ఇద్దరమ్మాయిల్ని పెట్టుకుంది. పట్నంలో ఎంతిస్తున్నారో ఎవరినో కనుక్కుని మరీ అంతే ఇచ్చేది వాళ్ళకి, తనకి మిగిలినా మిగలకపోయినా. "నీకు పిచ్చా" అంటే, "అడిగినదాన్ని, ఇవ్వకపోతే ఎలా" అనేది.

ఏడాది తర్వాత సెలవు పెట్టి ఇంటికొచ్చాను. భయపడుతూనే వచ్చాను అనుకో. కొట్టు ముందు నిలబడితే తలెత్తి చూసి, తీగ పళ్ళతో పట్టుకునే, "చిక్కిపోయావేం అబ్బాయ్" అంది. ఆ పాత మాట ఎత్తుతుందేమో, ఎత్తితే కాళ్ళ మీద పడదామని నేను. ఎత్తలేదు. ఎక్కడుంటున్నావంది. గది తీసుకున్నానన్నాను. "కిటికీ ఉందా?" అంది. ఉందొదినా, పెద్దది, వీధిలోకి, మంచి గాలి అన్నాను. మంచిదే అంది. నాలుగో రోజు నేను బస్సెక్కుతుంటే పరిగెత్తుకుంటూ వచ్చింది, చేతిలో గోనెపట్టా చుట్టిన మూట. ఏంటొదినా అంటే, "బల్ల ఫ్యానులే. ఎవరిదో కాలిపోయి పారేస్తుంటే నేనే చుట్టాను. ఉంచుకో" అంది. బస్సు కదిలింది. లేని కిటికీ ఉందని చెప్పాను కదా నేను...

...అమ్మాయ్, ఎండ ఇటు తిరిగింది చూడు. ఆ బల్ల కాస్త లోపలికి జరుపు.