అంబాసిడర్‌కు మంచినీళ్లు

ఆ కారు సంగతి మాత్రం ఎత్తొద్దు ఆనంద్ బాబూ. అది కదిలేదే అయితే మీ అక్కను నేనే కనిగిరి దాకా తెచ్చి దింపేవాణ్ణి కదా? నువ్వు ఆటో మాట్లాడుకొని ఈ ఎండలో హనుమంతునిపాడు రావాల్సిన పనేముంది?

కూర్చో. ఆమె ఇంకా చీరలు సర్దుకుంటా ఉంది. మోకాళ్లు వంగడంలేదు గదా, మంచం మీద నుంచే పక్కింటి ఝాన్సీకి చెప్పి సర్దిస్తా ఉంది. ఎన్నాళ్లకు పంపిస్తావని నేను అడగనులే.

నవ్వు, పర్వాలేదు. అరవై ఏండ్లకు మోపెడ్ దిగి పాత అంబాసిడర్ ఎక్కినోణ్ణి చూసి ఊరంతా నవ్వింది. పాస్టరు గారు బానెట్ మీద నూనె అంటించి ప్రార్థన చేసినాడు, చేస్తానే నవ్వినాడు.

ఎందుకు కొన్నావు బావా అంటావు. మా నాయన మీ కనిగిరిలోనే ఒక బట్టల సేటు ఇంట్లో అంబాసిడర్ తుడిచేవాడు. నీకు తెలీదు, నువ్వప్పటికి పుట్టలేదు. ఇరవై ఏండ్లు తుడిచినాడబ్బా, ఒక్కసారి లోపల కూర్చోలేదు. నేను బళ్లో రిటైరైన నాడే అనుకున్నా, అట్లాంటిది ఒకటి మన వాకిట్లో ఉండాల, నేనే తుడవాల, తుడిచి లోపల కూర్చోవాల. అంతే. ఇంకేం లేదు దాంట్లో.

గిద్దలూరులో ఒక బ్రోకరు చూపించినాడు. ఎనభై నాలుగు మోడలు, తెల్లగా మెరుస్తా ఉంది. మనకేం తెలుసు? తలుపేస్తే ధబ్బుమని పడింది, హారను మోగింది, చాలనుకున్నా. కింద వంగి చూడాలని, పెయింటు మీద వేలితో కొట్టి చూడాలని ఎవరు చెప్పినారు? ఇంటికొచ్చినాక మెకానిక్ సుబ్బన్న కొట్టి చూపించినాడు. సగం రేకు, సగం లప్పం. రేడియేటరు అయితే జల్లెడే.

ఆయన ఒకటే చెప్పినాడు. సారూ, దీంట్లో బోరు నీళ్లు పోయొద్దు, మన నీళ్లకు లోపలంతా సున్నం కడతాది, క్యాను నీళ్లే పోయండి, ఎండబెడితే తుప్పు పడతాది, ఎప్పుడూ నిండుగా ఉంచండి అన్నాడు. పోసినవి పోసినట్టే కారిపోతాయి. రోజూ పోయాల.

ఖర్చు చూసి చూసి మీ అక్క ఒకనాడు బైబిలు తెచ్చి నా ముందు పెట్టింది. ఈ కారుకు ఇంక ఒక్క రూపాయి పెట్టనని చెయ్యి వేసి చెప్పమంది. చెప్పినా. దేవుని ముందు చెప్పిన మాట, తప్పలేదు. ఇప్పటికీ ఒక్క రూపాయి పెట్టలేదు.

మరి నీళ్లెక్కడివి అంటావా.

ఆగు, ఆ తలుపు దగ్గరకేయి.

ఇంటికి రోజూ ఒక క్యాను వస్తాది, తాగేదానికి. కారు కోసం రెండోది కొంటే మాట తప్పినట్టు గదా? పొద్దున్నే ఆమె లేవకముందు ఆ క్యానులో సగం కారుకు పోసి, సగం బోరు నీళ్లతో నింపి మూత బిగించేవాణ్ణి. నాలుగు నెలలు.

మీ అక్క సువార్తమ్మకు అనుమానమే రాలేదు. పప్పు ఉడకడంలేదని కోటేశ్వర్లు అంగడికి పోయి, కందిపప్పు మంచిది కాదని కొట్లాడి వచ్చింది. నేను పక్కన నిలబడి ఆమె తరఫున మాట్లాడినా.

మార్కాపురం డాక్టరు ఏం చెప్పినాడు? బోరు నీళ్లు చుక్క కూడా తాగొద్దమ్మా, నీ ఎముకలు ఇప్పటికే బిగుసుకున్నాయి అన్నాడా లేదా? నేనూ అక్కడే ఉన్నా. అయినా నాకు ఆయన చెప్పాల్నా? ముప్పై ఏండ్లు సైన్సు చెప్పినోణ్ణి. బోర్డు మీద వంకర కాళ్ల బొమ్మ గీసి ఫ్లోరైడ్ పాఠం చెప్పినోణ్ణి. నేనూ అవే నీళ్లు తాగినా గదా అని మనసుకు చెప్పుకుంటా. అది లెక్కలోకి రాదులే.

అట్ల చూడొద్దు. కొట్టాలనుంటే కొట్టు, బావనని ఆగొద్దు. పోయిన క్రిస్మస్‌కు చర్చికి నడిచొచ్చిన మనిషి ఈ పొద్దు లేచి నిలబడాలంటే ఇద్దరు పట్టాల.

కారా? ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలుతో బయటికి తీస్తే, కొనకనమిట్ల రోడ్డు మీద నీళ్లన్నీ కారిపోయి ఇంజను పట్టేసింది. నెలయింది. సుబ్బన్న చూసి, ఇంక ఇనప సామాన్లకు ఇచ్చేయి సారూ అని పోయినాడు. పోన్లే, అప్పటి నుంచైనా మానుకున్నావు గదా అంటావు.

లేదబ్బాయా. నిన్న పొద్దున కూడా పోసినా. ఈ పొద్దు కూడా. ఎండిపోతే తుప్పు పడతాదని.

ఆమెకు నువ్వు చెప్తావో లేదో నీ ఇష్టం, నాకైతే నోరు రాదు. తీసుకపో. బాగైనాక పంపిస్తానని మాత్రం అనొద్దు. ఆమె ఇక్కడుంటే రేపు కూడా పోస్తా.