బెల్లు మోగితే ఆగే ఫ్యాక్టరీ

సభకు అధ్యక్షత వహిస్తున్న మన చైర్మన్ చిన్నమ్మగారికి, ఆవిడ పక్కన కూర్చుని చెవిమిషను సర్దుకుంటున్న ఆవిడ నాన్నగారు, ఈ చక్రాల ఫ్యాక్టరీని ఒక్క రేకుల షెడ్డులో మొదలుపెట్టిన మన పెద్దాయనగారికి, పక్క ఫ్యాక్టరీల నుంచి పని మానుకుని వచ్చిన మిత్రులకి, నా చేత తిట్లు తిన్నవాళ్ళకి, ఇంకా తినాల్సినవాళ్ళకి, ముందువరసలో కూర్చుని నేను నోరు తెరవకముందే వాచీ చూపిస్తున్న మా ఆవిడకి, అందరికీ నమస్కారం. (నవ్వులు)

నాకు ప్రసంగాలు రావు. ఫోర్‌మన్‌గా నేను ఇన్నేళ్ళూ మాట్లాడింది లేదు, అరిచిందే. రేకులు నొక్కే ప్రెస్సు మెషీన్ల మధ్య అరిచీ అరిచీ, ఇంట్లో మంచినీళ్ళు అడిగినా వీధి చివరిదాకా వినిపిస్తోందని మా ఆవిడ గొడవ. అందుకని ఈ మైకు మీకు దండగ ఖర్చు. (నవ్వులు) మీరంతా నన్ను పొగిడారు, సంతోషం, పొగిడించుకోవడం ఇంత బాగుంటుందని తెలిస్తే ముందే రిటైరయ్యేవాణ్ణి. కానీ చివర్లో చిన్నమ్మగారన్న మాట ఒకటి నాకు గుచ్చుకుంది. ఇవాళ నేను గేటు దాటేటప్పుడు నా గౌరవార్థం రెండుసార్లు బెల్లు కొట్టిస్తానన్నారు. అమ్మా, ఆ బెల్లు నాకొద్దు. ఎందుకొద్దో చెప్పి దిగిపోతాను.

కొత్తవాళ్ళకి ఆ బెల్లు కథ తెలియదు. మనం ఆసుపత్రి మంచాలకి చక్రాలు చేస్తాం కదా, మొదట్లో ఒక ఆసుపత్రి మేనేజరు మన చక్రాలు కీచుమంటున్నాయని దెబ్బలాడటానికి వచ్చాడు. మెషీన్ల హోరులో ఆయన తిట్లేవీ వినపడక, పొగుడుతున్నాడనుకుని పెద్దాయన నవ్వుతూ "అంతా మీ అభిమానమండీ" అంటూ చేతులు పట్టుకున్నారు. (నవ్వులు) ఆయన మళ్ళీ మన గుమ్మం తొక్కితే ఒట్టు! ఆ రోజే పెద్దాయన రూలు పెట్టారు. బయటి మనిషి గేటులో అడుగు పెడితే వాచ్‌మన్ రెండుసార్లు బెల్లు కొట్టాలి, మెషీన్లన్నీ ఆగాలి, ఎవరి మెషీను పక్కన వాళ్ళు మర్యాదగా నిలబడాలి. వచ్చినాయన వెళ్ళాక ఒకసారి కొడితే మళ్ళీ మొదలు. మనవాళ్ళకి మాత్రం బెల్లు లేదు. పనివాడొచ్చినా, ఓనరొచ్చినా పని జరుగుతూనే ఉండాలి.

సరే, చిన్నమ్మగారు కుర్చీలోకి వచ్చారు. ఆర్డర్లు పెరిగాయి, షెడ్డు చాలదు. ఒక పెద్ద ఊరి కంపెనీవాళ్ళు మొత్తం కొనేస్తాం, మెషీన్లు విప్పి లారీల్లో పట్టుకుపోతాం అన్నారు. చిన్నమ్మగారు ఒప్పుకోలేదు. పబ్లిక్ ఇష్యూకి వెళదాం, జనానికే షేర్లు అమ్ముదాం, కొత్త షెడ్డు ఇక్కడే కడదాం అన్నారు. మా బావమరిది అయితే "చక్రాలవాళ్ళకి షేరు మార్కెట్టేమిటి బావా, ఉన్నది ఊడుతుంది" అన్నాడు. అడుగో, స్తంభం వెనక దాక్కున్నాడు, చూడండి. (నవ్వులు)

ఇష్యూ చూసే బ్యాంకు వాళ్ళు ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చారు. బెల్లు మోగింది, మనం ఆపాం, చేతులు కట్టుకుని నిలబడ్డాం. వాళ్ళు అటూ ఇటూ చూసి వెళ్ళారు. కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చారు. మనం ఇంకా శ్రద్ధగా ఆపాం. ఆ సాయంత్రం చిన్నమ్మగారు పాలిపోయిన మొహంతో నా దగ్గరికొచ్చి, "బాబాయ్, మన ఫ్యాక్టరీ నడవడం లేదంటున్నారు. మూతపడిన కంపెనీకి షేర్లు అమ్మలేరట. రేపొక్కసారి చూసి కాదనేస్తారు" అన్నారు. లారీలు నా కళ్ళముందు కనిపించాయండీ. ఇంత జరిగినా, బెల్లు సంగతి ఒక్కరికి తట్టిందా? నాకూ తట్టలేదు! మనకది ఊపిరి పీల్చినంత మామూలు.

మర్నాడు వచ్చారు, చూశారు, కారెక్కారు. ఒక బెల్లు మోగింది, మనం మొదలుపెట్టాం. ఇంతలో వాళ్ళలో ఒకమ్మాయి గొడుగు మర్చిపోయి పరుగున వెనక్కొచ్చింది. వాచ్‌మన్ టీ తాగుతున్నాడు, చూసుకోలేదు. ఆ అమ్మాయి షెడ్డులోకి అడుగు పెట్టేసరికి ప్రెస్సులన్నీ దద్దరిల్లిపోతున్నాయి! నోరు తెరుచుకుని నిలబడిపోయింది. అప్పుడు మన మహానుభావుడు ఆమెను చూసి, కంగారుగా టంగు టంగుమని కొట్టాడు. అన్నీ ఆగిపోయాయి. (నవ్వులు, చప్పట్లు)

"ఆపారేమిటండీ?" అంది.

"మీరొచ్చారు కదమ్మా!" అన్నాను.

"నేనొస్తే?"

"మర్యాద కదమ్మా మరి!"

ఆ పిల్ల గొడుగు అక్కడే వదిలేసి, గేటు బయటికెళ్ళి, లోపలికొచ్చి, మళ్ళీ బయటికెళ్ళి, చిన్నపిల్లలు లైటు స్విచ్చితో ఆడుకున్నట్టు మొత్తం ఫ్యాక్టరీని ఆపించి నడిపించి, చివరికి కడుపు పట్టుకుని నవ్వుతూ కార్లోవాళ్ళందర్నీ పిలుచుకొచ్చింది. ఇష్యూ బతికింది. ఆ గొడుగు ఇంకా నా దగ్గరే ఉంది, ఇవ్వను.

ఇక షేరు మార్కెట్టుకెక్కిన రోజు! టీవీ చప్పుడు షెడ్డులో స్పీకర్లకి కలిపారు. అక్కడ చిన్నమ్మగారు మార్కెట్టు గంట టంగు టంగుమని కొట్టారు. ఇక్కడ మన మెషీన్లన్నీ ఠక్కున ఆగిపోయాయి. (నవ్వులు) పెద్దాయన ఉలిక్కిపడి "ఎవరొచ్చారురా?" అన్నారు. "జనం వచ్చారండీ" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను, నాకు కళ్ళద్దాలు లేవు.

ఇప్పుడు చూడండి మన ఊరి వేషాలు! బిస్కెట్ల ఫ్యాక్టరీ ఇష్యూకి సిద్ధమవుతోంది. అంబులెన్సులు కట్టే షెడ్డాయన దరఖాస్తు పెట్టాడు, కొత్త కోటు కుట్టించాడు, ఎండలో కూడా విప్పడం లేదు. వచ్చే బ్యాంకులవాళ్ళతో లాడ్జీలో గదులు దొరకడం లేదు. ఇదివరకు మన ఊరి పేరు చెబితే "అదెక్కడండీ?" అనేవాళ్ళు, ఇప్పుడు "షేరు ఎంతుందండీ?" అంటున్నారు. మంగలి మిత్రుడు గడ్డం గీస్తూ ఫోన్లో ధర చూస్తాడు, తగ్గిన రోజున మాత్రం ఆయన చేతికి గడ్డం అప్పగించకండి. (నవ్వులు) ధర పెరుగుతుంది, తగ్గుతుంది, నాకవన్నీ తెలియవు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు మన చేతిపనిని నమ్మారు, లారీలు రాలేదు, కొత్త షెడ్డుకి పునాది పడింది. నా ఒళ్ళు పొంగిపోవడానికి అది చాలు.

ఇప్పుడు అసలు సంగతి. బెల్లు బయటివాళ్ళకి. ఇన్నేళ్ళలో నేను గేటు దాటినప్పుడు ఒక్కసారి కూడా అది మోగలేదు. ఇవాళ మోగితే నేను బయటివాణ్ణయిపోయినట్టే. చిన్నమ్మా, నేను తట్టుకోలేను తల్లీ.

నేను కూడా షేర్లకి దరఖాస్తు పెట్టాను. అడిగినవాళ్ళు ఎక్కువై లాటరీ తీస్తే నాకు రాలేదు. మా ఆవిడకి వచ్చాయి! (నవ్వులు, చప్పట్లు) లేచి నిలబడవే, అందరూ చూస్తారు. ఈవిడేనండీ మీ కొత్త ఓనరు. ఓనరొస్తే బెల్లు లేదని రూలు పెద్దాయనదే. రేపటినుంచి ఈవిడ తన కంపెనీ చూసుకోడానికి వస్తూ ఉంటుంది, వెనకాల సంచి పట్టుకుని ఓనరుగారి మొగుడొస్తాడు.

నన్ను భరించినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. షిఫ్టువాళ్ళూ, లేవండి, పనిలోకి వెళ్ళండి. నేను గేటు దాటేటప్పుడు ప్రెస్సుల చప్పుడు నాకు వినపడాలి. సెలవు.