వరలక్ష్మి తలంటు

"అమ్మమ్మా, ఆదివారం పొద్దున ఎవరు పిలిచినా రానంటావు. ఎక్కడికెళ్తావు నువ్వు?"

ఎక్కడికా? ఎదురింటి వరలక్ష్మి తలంటుకోవడానికి. నవ్వకు, విను.

వరలక్ష్మిది పిట్టలవానిపాలెం, పెళ్ళయి మన తెనాలి వచ్చింది. భర్త బస్సు కండక్టరు, ఇంటిపట్టున ఉండేది తక్కువ. కూతురు చిట్టికి ఆటిజం. ఇరవై రెండేళ్ళ పిల్ల, మాట రాదు, నిమిషం వదిలితే రోడ్డు మీదికి వెళ్ళిపోతుంది. ఇక వచ్చినవాళ్ళందరూ సలహాలే. ఒకావిడ మొక్కు చెబుతుంది, ఇంకొకావిడ పసరు చెబుతుంది. మూడో ఆవిడైతే "పోయిన జన్మలో ఏం చేశావో" అంది. ఈ జన్మలో నువ్వేం చేస్తున్నావో చూసుకో తల్లీ అని, ఆవిణ్ణి నేనే గుమ్మం దాటించాను.

సరే, నేను మాత్రం తక్కువ తిన్నానా? ఐదో తరగతితో బడి మానినా, చదవని పుస్తకం లేదని నాకో పొగరు కదా. ఆటిజం మీద రెండు, కాదు, మూడు పుస్తకాలు తెప్పించి, గీతలు గీసి మరీ పట్టుకెళ్ళాను. వరలక్ష్మి వాటి వంక చూసి, "చిట్టి సంగతి నాకు తెలుసు పిన్నిగారూ. మీరొక్క గంట దాని దగ్గర కూర్చుంటే నేను తలంటుకుంటానండి. తలుపేసుకుని స్నానం చేసి ఎన్నాళ్ళయిందో" అంది. సిగ్గుతో చచ్చిపోయాననుకో.

ఆ ఆదివారమే వెళ్ళాను. వెళ్ళి ఊరుకున్నానా? చిట్టితో ఒకటే వాగుడు. పైగా సాయమని కుక్కరు పెట్టాను. విజిలొచ్చేసరికి పిల్ల చెవులు మూసుకుని, గోడకేసి తల బాదుకోవడం! వరలక్ష్మి నెత్తిన కుంకుడు నురుగుతో, తడి చీరతో పరిగెత్తుకొచ్చింది. స్టవ్వు ఆపి, చిట్టి పక్కన నేలమీద కూర్చుంది, అంతే. నురుగు కళ్ళల్లోకి కారుతున్నా తుడుచుకోలేదు. నన్నొక్క మాటనలేదు. అన్నా బాగుండేది.

మళ్ళీ వారం పిలవకుండానే వెళ్ళాను, చేటలో చిక్కుడుకాయలు పోసుకుని. చిట్టి ఈనెలు తీస్తుంది, నేను తుంచుతాను. గంటసేపు నోరు మెదపలేదు. నేను! మీ తాత బతికుంటే నమ్మేవాడా? కాసేపటికి స్నానాలగదిలోంచి కూనిరాగం వినబడింది. వరలక్ష్మి పాడుతుందని అప్పటిదాకా నాకు తెలీదే...

ఎందుకు చెబుతున్నానంటే, పై వారం నాకు కంటి ఆపరేషన్. వరలక్ష్మి ఆదివారం తప్పకూడదు. ఈ వారం నాతో వచ్చి కూర్చో, చిట్టికి నీ మొహం అలవాటవ్వాలి. ఫోను ఇంట్లో పెట్టి రా. ఈనెలు తీయడం వచ్చా? రాకపోతే చిట్టి నేర్పుతుందిలే.

చల్లగా ఉండు తల్లీ. నీకు అవసరమైన రోజున, నోరు మూసుకుని పక్కన కూర్చునే మనిషి దొరకాలి నీకు. ఆ, చేట మనమే తీసుకెళ్ళాలి సుమా...