పావుచుట్టు క్రాంకు

గణపతి వీధిలో జగన్నాథన్ నాయుడి కత వింటూ బస్సు వదిలేసుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. సెల్లమ్మాళ్ టీ కొట్టు ముందున్న బెంచీ మీద ఆయన కూచున్నాడంటే పాలు రెండోసారి కాగాల్సిందే. ఒకప్పుడు ఆ వీధి చివర ఆయన తండ్రి లేతు పట్టరై, చిన్న వర్క్‌షాపు, నడిపేవాడు. ఇప్పుడక్కడ టైల్సు షాపు. పట్టరై పోయినా సెల్లమ్మాళ్ ఆయన్ని యజమాని లెక్కన ‘మొదలాళి’ అనే పిలుస్తుంది. ఆమె మొగుడు దొరై ఆ పట్టరైలో ఇరవై రెండేళ్లు టర్నరుగా చేసి, ఇనప దుమ్ము ఊపిరిలో నింపుకొని చచ్చిపోయినాడు.

ఆ సాయంత్రం అశ్విన్ అని ఒక ఇంజనీరు వచ్చినాడు. ముప్పై దాటిన మనిషి, పాత మోటారుసైకిళ్లంటే పిచ్చి. వీడియో తీసేదానికి ఫోను బెంచీ మీద ఆనించి నిలబెట్టినాడు.

“అంకుల్, మా పాత బండ్ల సంఘం వచ్చే నెల ఎగ్జిబిషన్ పెడతా ఉండాది. మీ ట్విన్ బండి కతని పెద్ద బోర్డు మీద రాసి, మీ పేరుతోనే పెడతాము. మొదట్నించి చెప్పండి.”

పక్కన రిటైరైన బస్సు డ్రైవరు రంగసామి కాళ్లు పైకి పెట్టుకుని, “ఇంక ఈ పొద్దుకి ఇల్లు చేరేది లేదు” అన్నాడు.

జగన్నాథన్ గొంతు సవరించుకున్నాడు.

“ఎనభై ఆరో సంవత్సరం. వాల్పారై ఎస్టేటు మేనేజరు ఒకడు బండి తెచ్చి పడేసె. ఇంగ్లీషు బండి, రెండు సిలిండర్లు. ఆ కాలపు ఇంగ్లీషోడు పిస్టన్లు రెండూ ఒకేసారి పైకి పోయి ఒకేసారి కిందికి వచ్చేట్టు పెట్టినాడు. స్పీడు పెంచితే చాలు, అదురు! మేనేజరువి కట్టుడు పళ్లు. బండి దిగి చూసుకుంటే నోట్లో ఒక్కటీ లేదు, అన్నీ ఘాటు దోవలో రాలిపోయినాయి. నేను ఏం చేస్తిని? క్రాంకు విప్పదీసి, ఒక పిస్టను ముందు పోతే రెండోది పావుచుట్టు వెనక వచ్చేట్టు బిగించేస్తిని. ఒకటి పైన నిలిచేటప్పుడు రెండోది సగం దోవలో పరిగెత్తతా ఉంటుంది. అదురు పోయె!”

సెల్లమ్మాళ్ గ్లాసులు కడుగుతూ వింటూ ఉంది. క్రాంకు సంగతిలో ‘నేను’ అన్న మాట తప్ప అన్నీ నిజమే. దొరై ఆ సంగతి ఆమెకు ఇంట్లో రోలు చూపించి చెప్పినాడు. “ఇద్దరూ ఒకేసారి పోటు వేస్తే నేల అదురుద్ది సెల్లమ్మా. ఒకరి వెనక ఒకరు వేస్తే అదరదు.” ఆ క్రాంకు మూడు ముక్కలు, నడిమి చక్రానికి రెండు పక్కలా బోల్టులు. ఒక పక్క బోల్టులకు దొరై పావుచుట్టు జరిపి కొత్తగా చిల్లులు వేసినాడు. నాలుగు నెలల ఆదివారాలు ఆ పనికే పోయినాయి.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా?” అన్నాడు జగన్నాథన్. “గాంధీపురంలో నిండు గ్లాసు కాఫీ ట్యాంకు మీద పెడితిని. దిండిగల్ పోయి దిగి చూస్తే చుక్క ఒలకలే. కాఫీ ఇంకా పొగలు కక్కతా ఉండె!”

“నాయుడూ, నూటయాభై కిలోమీటర్లు!” అన్నాడు రంగసామి.

“ఇది విను ముందు. ఆ బండి శబ్దం ఉండాది చూడు, డుగుడగ్, డుగుడగ్, అచ్చం మనిషి గుండె మాదిరి. అక్కడ తాళాలు చేసే వీధిలో పోతా ఉంటిని. ఎనిమిది లివర్ల తాళాలు, బీగం చెవి లేకుండా టక్ టక్ టక్, వీధి వీధంతా వాటంతట అవే తెరుచుకొనె! జైలు తాళం కూడా ఊడిందని పోలీసులు నా వెంట పడిరి. దొరకతానా? చిన్నమనూరు దాకా పోతిని. ద్రాక్ష తోటల పక్కన పోతే ఆ అదురులేని గాలికి పచ్చి కాయలు నల్లగా మాగిపోయె. రైతులు బండికి అడ్డం పడుకొని, సామీ మా తోట చుట్టూ ఒక్క రౌండు అనిరి. సరే అని చుట్టి, ఇంజను ఆపితిని. ఆగితేనా? తాళం చెవి నా జేబులో ఉండాది, క్రాంకు తిరగతానే ఉండాది! మూడు దినాలు! దానికి బెల్టు కట్టి నీళ్లు తోడుకొనిరి, అరవై ఎకరాల వరి!”

అశ్విన్ నవ్వు ఆపుకోలేక ఫోను సరిచేసుకున్నాడు. “మీకు సాయం ఎవరూ లేరా అంకుల్?”

“సాయమా? కూలోళ్లకి ఏమి తెలుసును? దొరై అని ఒకడు ఉండె. స్పానరు ఎత్తి ఇచ్చేవాడు. అది కూడా ఏ సైజో తెలీక నా దగ్గర తిట్లు తినేవాడు.”

సెల్లమ్మాళ్ చేతిలో గ్లాసు అట్లే ఆగిపోయింది. ఇన్నేళ్లుగా ఈ కత వింటూ ఉంది. దొరై పేరు లేకపోయినా, ఆ బండి అయినా కతలో బతికుండాదిలే అని ఊరుకుంది. ఇప్పుడు అది బోర్డు మీదికి ఎక్కబోతా ఉంది, తిట్లు తినే దొరైతో.

ఆమె చెయ్యి తుడుచుకొని ముందుకు వచ్చింది.

“మొదలాళీ, ఒక మాట. క్రాంకు తిప్పితిరి సరే. వాల్వులు తెరిచే కేమ్‌షాఫ్టుని ఎన్ని డిగ్రీలు తిప్పితిరి?”

జగన్నాథన్ ఆమెను ఎగాదిగా చూసినాడు. “నీకెందుకు అది? క్రాంకు తొంభై, కేమూ తొంభై. అంతా తొంభైయే!”

అశ్విన్ నవ్వు పోయింది. “తొంభై పెడితే బండి స్టార్టే కాదు అంకుల్. క్రాంకు రెండు చుట్లు తిరిగితే కేమ్‌షాఫ్టు ఒక్క చుట్టే తిరుగుతుంది.”

“సగం,” అంది సెల్లమ్మాళ్. “నలభై ఐదు. డిగ్రీలు గీసిన రేకుని నేనే పట్టుకొని ఉంటిని. మూడు వారాలు స్టార్టు కాకుండా ఉండె. ఆ సగం లెక్క తెలిసినాకనే ఇంజను అందుకొనె.”

రంగసామి తొడ చరుచుకుని నవ్వినాడు. “నాయుడూ, టీ కొట్టమ్మ దగ్గర దొరికిపోతివే!” బస్టాపులో ఉన్నవాళ్లు కూడా తిరిగి చూసి నవ్వినారు. జగన్నాథన్ చెవులు ఎర్రబడినాయి. ఆయన కతకి నవ్వినవాళ్లే గానీ, ఆయన్ని చూసి ఆ బెంచీ మీద ఎవరూ నవ్వింది లేదు.

సెల్లమ్మాళ్ అశ్విన్ వైపు తిరిగింది. “అది చేసింది మా ఇంటాయన. బండి నడిచింది సార్. నన్ను వెనక ఎక్కించుకొని పళని దాకా పోయి వచ్చె. మర్నాడే మేనేజరు వచ్చి తోలుకొని పోయె.”

“ఫోటో ఏమైనా ఉందా అమ్మా? గీసిన కాగితం?”

“లేదు.”

“బండి ఇప్పుడు ఎక్కడుంది?”

“తెలీదు.”

“చూసినవాళ్లు?”

ఆమె జగన్నాథన్ వైపు చేయి చూపించింది. ఆ పొద్దు పట్టరై వాకిట్లో నిలబడి, బండి తిరిగి రావడం చూసినవాళ్లలో ప్రాణంతో ఉన్నది ఆయనొక్కడే. “చెప్పండి మొదలాళీ. మీ పేరే పెట్టుకోండి, నాకేమీ వద్దు. బండి నడిచిందని ఒక్క మాట చెప్పండి.”

జగన్నాథన్ కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. నవ్వేవాళ్ల వైపు చూసి, తనూ నవ్వడం మొదలుపెట్టినాడు.

“ఏ బండి? కాఫీ ఒలకలేదని చెప్తిని, తాళాలు ఊడినాయని చెప్తిని. అవి నమ్మితిరా? ఇదీ అంతే. ఉత్త కత! పొద్దు పోకపోతే అల్లింది. పాపం, ఇన్నేళ్లు విని విని ఈ సెల్లమ్మాళ్ నిజమనుకొనింది.”

అశ్విన్ ఫోను తీసుకుని, తీసిన వీడియోను చెరిపేసినాడు. సెల్లమ్మాళ్‌తో మెల్లగా, మర్యాదగానే అన్నాడు: “ఆధారం లేకుండా బోర్డు పెట్టలేము అమ్మా.”

ఆ తర్వాత జగన్నాథన్ ఆ కత ఎత్తలేదు. బెంచీ మీద వేరే కతలు నడిచినాయి. ఏనుగుని భుజాన వేసుకుని నది దాటిన కత, మెరుపు పట్టి బ్యాటరీలో దాచిన కత. ఒక దినం కొట్టు ఖాళీగా ఉన్నప్పుడు సెల్లమ్మాళ్ రంగసామికి టీ ఇస్తూ, “ఆ బండి పళని దోవలో పోతా ఉంటే, నా చేతి గాజులు కూడా కదలలే అన్నా” అంది.

రంగసామి గ్లాసు అందుకుని నవ్వినాడు.

“నాయుడి కోతలు నీకూ అంటుకొనె పో!”