నడక మేస్త్రి గోడ జరిపిన రోజు

ఇంటి ప్లానా? ఏదీ, ఇటివ్వు. ఆగాగు, కళ్ళజోడు పెట్టుకోనీ. దీని కాడ విరిగిపోతే వారం రోజులు దారం కట్టుకుని తిరిగాను. మొన్న మీ ఆయన వాళ్ళక్క చూసి, ఇదేం అవతారం తాతగారూ అని లాక్కెళ్ళి బాగుచేయించి తెచ్చింది. పాపం, ఆస్పత్రిలో డ్యూటీ దిగి నేరుగా ఇటే వచ్చింది ఆ రోజు. సరే, ఇది హాలు, ఇది వంటిల్లు, ఈ అంకెలేంటి చీమలు పాకినట్టు? బాగుంది, బాగుంది. బాగాలేదని ఎవరన్నారు? కాగితం మీద ఇల్లు ఎప్పుడూ బాగానే ఉంటుంది. ఎంతమంది ఉంటారిందులో? నువ్వు, మీ ఆయన, పిల్లలిద్దరు. నలుగురు. సరే, నలుగురు. ఏం లేదు, ఊరికే అడిగాను. ఎవరైనా ప్లాను చూపిస్తే చాలు, నాకు మా నడక మేస్త్రి గుర్తొస్తాడు. నీకెప్పుడూ చెప్పలేదా? మీ నాన్నకి చెప్పానే. వాడు విని ఉండడులే, వాడెప్పుడు విన్నాడు గనక. కూర్చో తల్లీ, నువ్వలా నిలబడితే నాకు మాట సాగదు.

నడక మేస్త్రి అంటే అసలు పేరు కాదు. అసలు పేరు తెలిసినవాళ్ళు కూడా అలాగే పిలిచేవాళ్ళు. ఇళ్ళు కట్టే మేస్త్రి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, చొక్కా జేబులో మేకులు, చెవి మీద ముక్క పెన్సిలు. ఆ పెన్సిలుతో కాగితం మీద గీయగా నేను చూసిన పాపాన పోలేదు, చెవి గోక్కోడానికే పనికొచ్చేది. అప్పటికే పెద్ద పెద్ద ఇంజనీర్లు నీలం కాగితాలు చంకలో పెట్టుకుని తిరుగుతున్నారు. ఈయనేమో, 'కాగితం మీద మనిషి నడవలేడు కదండీ' అనేవాడు, మెల్లగా, మనమేదో తప్పు చేసినట్టు. ఇల్లు కట్టించుకుందామని ఎవరైనా వెళ్తే ముందు ఒక జాబితా రాసిమ్మనేవాడు. గదుల జాబితా కాదు, మనుషుల జాబితా. ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరు ముందు లేస్తారు, ఎవరికి గురక, ఎవరిది ఎడమచేతి వాటం, ఇలాంటివి. అది జేబులో పెట్టుకుని ఖాళీ స్థలంలో ఇల్లు మొత్తం నేల మీద గీసేసేవాడు. పునాదికి సున్నంతో ముగ్గు పోస్తారు చూడు, అది అందరు మేస్త్రీలూ పోసేదే, కాకపోతే ఈయన పునాది తవ్వడానికి నెల ముందే పోసేవాడు. పాలడబ్బాకి అడుగున చిల్లులు పొడిచి, సున్నం పొడి పోసి ఆడిస్తూ నడుస్తుంటే వెనకాలే తెల్లగా గోడ వచ్చేసేది. గుమ్మం ఉండే చోట రెండు ఇటుకలు, కిటికీ ఉండే చోట ఒక పుల్ల. అదయ్యాక ఇంటిల్లిపాదినీ రప్పించి, 'ఇవాళ పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీ కాపురం ఇందులోనే' అనేవాడు. నవ్వకు, నిజంగానే. అక్కడే వండుకోవాలి, అక్కడే తినాలి, మధ్యాహ్నం అక్కడే నడుం వాల్చాలి. ఒక్కటే షరతు, గీత దాటకూడదు. గుమ్మంలోంచే వెళ్ళాలి, గుమ్మంలోంచే రావాలి. ఆయన ఓ మూల గొంతుక్కూర్చుని ఎవరు ఎటు నడుస్తున్నారో, ఎవరు ఎవరికి అడ్డం పడుతున్నారో చూసి, సాయంత్రానికి గోడలు చెరిపి మళ్ళీ గీసేవాడు. అందుకని నడక మేస్త్రి.

మాకేమో అప్పుడు అద్దిల్లు. రెండు గదులు, ఓ వరండా. మా నాన్న ఆఫీసులో పెద్ద గుమాస్తా. ఇంట్లోనూ పెద్ద గుమాస్తాయే అనుకో, తుమ్మినా కాగితం మీద పెట్టమనే రకం. మేస్త్రి జాబితా అడిగాడనగానే పడక్కుర్చీలో వెనక్కి వాలి, 'రాయరా' అన్నాడు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు, కలప డిపోలో కొత్తగా చేరాను. 'ఒకటి, నేను. రెండు, మీ అమ్మ. మూడు, మీ బామ్మ. నాలుగు, నువ్వు. ఐదు, మీ తమ్ముడు. రేపో మాపో నీకు పెళ్ళవుతుంది కాబట్టి తూర్పు వైపు పెద్ద గది నీది' అన్నాడు. పెద్ద గది అన్న మాట చెవిలో పడ్డాక నాకింకేం వినపడలేదు. మంచం ఎక్కడ వేయాలి, అద్దం ఎక్కడ పెట్టాలి, అప్పుడే కొలతలు మొదలుపెట్టేశాను. జాబితా నీటుగా టైపు చేయించి మేస్త్రి చేతిలో పెట్టాం.

ఇంకో మనిషి సంగతి చెప్పాలి నీకు. మా అత్తయ్య, నాన్న చెల్లెలు. పెళ్ళయిన నాలుగో ఏట ఆవిడ భర్త పని చూసుకొస్తానని వెళ్ళి అజాపజా లేకుండా పోయాడు. ఆవిడ ఒక బట్టల పెట్టె, ఒక టైపు మిషను పట్టుకుని మా ఇంటికొచ్చింది. ఎవరైనా అడిగితే మా నాన్న, 'మా చెల్లెలు రెండు నెలలుండి వెళ్తుంది' అనేవాడు. ఆరేళ్ళు అదే మాట. చెడ్డవాడు కాదు మా నాన్న. అలా అంటూ ఉంటే ఆ పెద్దమనిషి నిజంగానే తిరిగొస్తాడని ఆశేమో. కానీ రెండు నెలలుండే మనిషికి అలమర ఎవరిస్తారు, గోడకి మేకు ఎవరు కొడతారు? ఆవిడ బట్టలు ఆరేళ్ళూ ఆ పెట్టెలోనే. పగలు వరండాలో కూర్చుని జనాల అర్జీలూ దరఖాస్తులూ టైపు చేసేది. మా నాన్న గుమ్మంలో అడుగు పెట్టగానే టకటక ఆపేసి, మిషను ఎత్తుకుని వంటింట్లోకి. అక్కడ మా అమ్మకి అడ్డమైతే మళ్ళీ వరండాలోకి. పిల్లి తన పిల్లల్ని తిప్పుకున్నట్టు తిప్పుతుండేది దాన్ని. ఒక్కసారైనా విసుక్కోగా చూడలేదు నేను. విసుక్కుని ఉంటే బాగుండేదేమో.

ఆఁ, ఏమంటున్నానూ, సున్నం ఇల్లు. ఆ రోజు చూడాలి మా వాళ్ళ వేషాలు. మేస్త్రి చూస్తాడని అందరూ ఉతికిన బట్టలు కట్టారు. అదే మేం చేసిన బుద్ధితక్కువ పని. ఆయన మా నడక చూడాలనుకుంటే మేం మా మర్యాద చూపించాం. మా నాన్న ఇంట్లో ఉంటే బనీనుతో వంటింటి గడప మీద కూర్చుని మా అమ్మకి కబుర్లు చెప్పే మనిషి, ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు గదిలో పేపరు తిరగేస్తూ కూర్చున్నాడు, ఎండకి గొడుగేసుకుని మరీ. ఏదో గుర్తొచ్చి నేరుగా వంటింట్లోకి నడిచాడు. మూలనుంచి మేస్త్రి, 'గోడండీ, తల జాగ్రత్త' అన్నాడు. నాన్న నిజంగానే తల తడుముకున్నాడు. మా బామ్మ అయితే ఇంకా అన్యాయం. ఆవిడ గొంతెత్తితే వీధి చివర సైకిలు మీద వెళ్ళేవాడు కూడా దిగిపోయేవాడు. అలాంటిది ఆ రోజు తన గీతల గదిలో చాప మీద కళ్ళు మూసుకుని, 'బాబూ, కాసిని మంచినీళ్ళు తెస్తావా నాయనా' అంటోంది. నాయనా అట. పుట్టి బుద్ధెరిగాక నన్ను నాయనా అనడం అదే మొదలు. నేను నా పెద్ద గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి పచార్లు. ఒక్కడికి అంత గది ఏం చేసుకోవాలో తెలీక, దర్జాగా.

మా అత్తయ్యా? అక్కడికే వస్తున్నా. పడమటి గీత అవతల పునాది రాళ్ళు కుప్ప పోసి ఉన్నాయి. పొద్దున్న మాతో పాటే వచ్చింది, మిషను మోసుకుని. అందరం గుమ్మంలోంచి లోపలికెళ్ళాం. ఆవిడ గుమ్మం దాకా వచ్చి, అటూ ఇటూ చూసి, పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్ళి ఆ రాళ్ళ మీద కూర్చుంది. మా అమ్మ పిలిచింది, 'లోపలికి రా, ఎండలో ఎందుకు' అని. 'పర్లేదు వదినా, ఇక్కడ గాలి బాగుంది' అంది. మిషను ఒళ్ళో పెట్టుకుంది. ఎంత బరువో తెలుసా అది? బస్తాడు బియ్యం కాకపోయినా సగం బస్తా ఉంటుంది. కింద మట్టి, లోపల ఎక్కడ పెట్టాలో తెలీదు. అలా ఒళ్ళో పెట్టుకునే అన్నం తింది. మేమందరం చూశాం తల్లీ. చూసి, మామూలే కదా అనుకున్నాం.

మధ్యాహ్నం ఎండ వాలుతుండగా మేస్త్రి లేచాడు. తిన్నగా నా దగ్గరికొచ్చి జేబులోంచి జాబితా తీశాడు. 'ఇది రాసిందెవరు బాబూ?' నేనే అన్నాను, కొంచెం గొప్పగానే. 'టైపు చేసిందో?' మా అత్తయ్యండీ అన్నాను. ఆయన కాగితం కేసి చూశాడు, రాళ్ళ కేసి చూశాడు. 'ఎంత శుభ్రంగా చేశారో, ఒక్క తప్పు లేదు' అన్నాడు. అంతే అన్నాడు.  ఆ కాగితం ఆవిడ చేతికిచ్చింది నేను. అత్తయ్యా, త్వరగా కొట్టివ్వు, మన కొత్తింటి మనుషుల జాబితా అన్నాను. మన అని కూడా అన్నాను. ఆవిడ ఐదుగురినీ వరసగా టైపు చేసి, కింద గీత కొట్టి, మొత్తం ఐదుగురు అని వేసి, చిరునవ్వుతో నా చేతిలో పెట్టింది. నేను థాంక్స్ చెప్పి వెళ్ళిపోయాను. ఇప్పటికీ, యాభై ఏళ్ళు దాటాయి, అది తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

మేస్త్రి ఆవిడ దగ్గరికెళ్ళి, 'లోపల చూడరామ్మా?' అన్నాడు. 'నేను రెండు నెలలుండి వెళ్ళేదాన్నండీ' అంది ఆవిడ. మా నాన్న మాటే, అక్షరం పొల్లుపోకుండా.  పడమటి గోడని కాలితో చెరిపేశాడు. డబ్బా తెచ్చి ఆ రాళ్ళ కుప్ప చుట్టూ, ఆవిడ చుట్టూ, గీత పోసుకుంటూ వచ్చాడు. ఆవిడ కంగారుపడి లేవబోతే, 'లేవకండమ్మా, మీరు లేస్తే నాకు కొలత తప్పుతుంది' అన్నాడు. మా నాన్న పేపరు పడేసి వచ్చాడు. 'ఏంటి మేస్త్రీ ఇది, ఎవరు చెప్పారు నీకు?' అని. 'ఎవరూ చెప్పలేదండి, పొద్దున్నుంచి చూస్తున్నాను' అన్నాడు ఆయన. నాన్న ఏదో అనబోయాడు. ఇంతలో మా బామ్మ లేచింది. మర్యాదలన్నీ చాప మీదే వదిలేసి, 'ఒరే, నోర్ముయ్‌రా' అంది చూడు, అసలు గొంతుతో. గుమ్మం లేదు, గోడ లేదు, గీతల మీదుగా నడుచుకుంటూ వెళ్ళి కూతురి పక్కన కూర్చుంది. మేస్త్రి తల జాగ్రత్త అనలేదు. రెండు ఇటుకలు తెచ్చి, ఆవిడ గీత తొక్కిన చోటే గుమ్మం పెట్టాడు.

నేనెళ్ళి మిషను అందుకున్నాను. దింపి ఆ కొత్త గీతల లోపల పెట్టాను. అప్పుడు లేవబోయింది అత్తయ్య. కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేకపోయింది, బామ్మ భుజం పట్టుకుని నవ్వుతోంది, కళ్ళమ్మట నీళ్ళు. నాకూ ఏడుపొచ్చింది. మా నాన్న చాలాసేపు గొడుగు మూస్తూ తెరుస్తూ నిలబడి, 'మేస్త్రీ, మరి ఆ గదికి వీధి వైపు కిటికీ పెట్టు, దాని పనికి వెలుతురు కావాలి' అన్నాడు. రెండు నెలలుండి వెళ్తుంది అన్న ఆ నోరు మళ్ళీ ఆ మాట అనలేదు. అన్నట్టు, ఆ పక్కన దారికి చోటు వదలాలని మేస్త్రి లోపలి గోడలన్నీ తూర్పుకి జరిపాడు. దాంతో నా పెద్ద గదిలో మూడడుగులు గల్లంతు. 'ఇబ్బందా బాబూ?' అన్నాడు. అబ్బే అన్నాను. మనసులో మాత్రం కొంచెం చివుక్కుమంది, అబద్ధమెందుకు చెప్పాలి. కానీ తర్వాత ఏమైంది? ఆ కిటికీలోంచి ఆవిడ టైపు కొట్టడం చూసి ఒకరూ ఇద్దరూ టైపు నేర్పమని రావడం మొదలుపెట్టారు. ఏడాది తిరిగేసరికి నాలుగు మిషన్లు, ఇల్లంతా టకటక. అలా నేర్చుకోడానికొచ్చిన వాళ్ళలో, తలెత్తకుండా కొట్టే ఒకావిడ ఉండేది, కొట్టినదాంట్లో సగం తప్పులు. మీ నానమ్మే. ఆ మూడడుగులు పోకపోతే నువ్వూ లేవు, నీ ప్లానూ లేదు. మేస్త్రి పోయి ఇప్పటికి నలభై ఏళ్ళు. అత్తయ్య ఆయన పోయినప్పుడు ఆ జాబితా కోసం వాళ్ళింటికెళ్ళి అడిగింది. దాచే ఉంచాడట. కింద ఆరు అని పెన్సిలుతో రాసి ఉంది. అదొక్కటే అనుకుంటా ఆయన కాగితం మీద రాసింది.

ఏంటీ, నాకూ ఇందులో ఓ గది కావాలనా? ఛ, నా గురించి కాదమ్మా నేను చెప్పింది. నేను మీ నాన్న దగ్గర రాజాలా ఉన్నాను, ఇక్కడ్నుంచి ఎక్కడికీ కదలను. నేనడిగేది, మీ ఇంట్లోనే ఉంటున్న మీ వదిన, మీ ఆయన వాళ్ళక్క, ఆ మడత మంచం హాల్లో ఎటు వైపు వేసుకుంటుందిందులో? బదిలీ ఆర్డరు రాగానే వెళ్ళిపోతుందా. సరే. మీ పెళ్ళయిన కొత్తలోనూ అదే అన్నావు. ఎన్నేళ్ళయింది, మూడా, నాలుగా? నైటు డ్యూటీ చేసొచ్చిన మనిషి పగలు ఎక్కడ పడుకుంటుంది తల్లీ, పిల్లలు అరుస్తుంటే? ఆవిడ బట్టలెక్కడ పెడుతోంది ఇప్పుడు? ...ఊఁ.

ఏం వెతుకుతున్నావు? రబ్బరా? ఆ పై సొరుగులో ఉంటుంది చూడు, పెన్సిలు కూడా. ఆ ఫ్యాను కాస్త తగ్గించు, కాగితం ఎగిరిపోతోంది.